అండమాన్ జ్వరం, ఎలుక జ్వరం, ఒక చిన్న ఎంజైము

ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ ఒక పచ్చని లోయ. కల్పాంగ్ నది చుట్టూ వరిపొలాలు, వాటిని ఆనుకుని అడవి, కాస్త దూరంలో ద్వీపాల్లోకెల్లా ఎత్తయిన శాడిల్ పీక్ కనిపిస్తాయి. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ అడవిని కొట్టి పొలాలు చేసుకున్నాయి. 1988 నుంచి ఈ ప్రాంతాన్ని ఒక కొత్త భయం పట్టుకుంది. వానలు తగ్గి, అక్టోబరు దాటి, వరి కోతల కాలం వచ్చేసరికి ఏటా కొందరికి జ్వరం వచ్చేది. మొదట ఒళ్ళు నొప్పులు, తలనొప్పి ఉండేవి. కొందరిలో నాలుగైదు రోజులకే దగ్గుతో పాటు రక్తం పడేది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై, అంతకు ముందు వారం దాకా పొలంలో పనిచేసిన మనిషి ఊపిరాడక చనిపోయేవాడు.

దానికి 'అండమాన్ హేమరేజిక్ ఫీవర్' అని పేరు పెట్టారు. పేరైతే ఉంది గాని కారణం తెలియదు. రక్తస్రావంతో కూడిన జ్వరం అనగానే ఎవరికైనా ముందు వైరస్‌ల మీదికే అనుమానం పోతుంది. 1993లో మళ్ళీ జ్వరం ప్రబలినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం రోగుల రక్తాన్ని పరీక్షించి చిక్కుముడి విప్పింది. ఇది భారత వైద్య పరిశోధన మండలికి చెందిన సంస్థ. అపరాధి వైరస్ కాదు, లెప్టోస్పైరా అనే బాక్టీరియా. ఎస్.సి. సెహగల్, ఎం.వి. ముర్హేకర్, ఎ.పి. సుగుణన్ ఈ సంగతిని 1995లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రకటించారు. మన పత్రికలు 'ఎలుక జ్వరం' అని రాసే లెప్టోస్పైరోసిస్ ఇదే.

ఈ కథలో నిజంగా బాధ కలిగించే భాగం ఇంకోటి ఉంది. ఆ బాక్టీరియా అండమాన్‌కు కొత్త కాదు. టేలర్, గోయల్ అనే ఇద్దరు వైద్యులు 1931లోనే 'అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్' గురించి ఒక పెద్ద నివేదిక ప్రచురించారు. అప్పుడు ద్వీపాలు శిక్షాస్థావరం. అడవులు నరికే పనుల్లో, పొలాల్లో ఉన్నవాళ్ళు ఈ జ్వరం బారిన పడేవారు. వాళ్ళు వేరుచేసిన ఒక రకానికి పెట్టిన 'అండమానా' అనే పేరు ఇప్పటికీ శాస్త్రవేత్తల జాబితాల్లో ఉంది. కానీ ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు ద్వీపాల్లో ఆ జబ్బు ఊసే వినిపించలేదు. జబ్బు పోయిందని కాదు, వెతికేవాళ్ళు లేరు.

ద్వీపాల్లో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. కాబట్టి ఈ జ్వరం సంగతి తెలుగు పాఠకులకు మరీ పరాయిది కాదు. అసలు విషయం ఏమిటంటే, ఈ బాక్టీరియా బతుకు ఒక అమైనో ఆమ్లం తయారీ మీద, ఆ తయారీలో పాల్గొనే ఒక ఎంజైము మీద ఆధారపడి ఉంది. ఆ ఎంజైము మన ఒంట్లో లేదు. మన పేగుల్లోని చాలా బాక్టీరియాల్లోనూ లేదు. వింతగా, మన పెరట్లోని మొక్కల్లో మాత్రం ఉంది.

ప్రశ్నార్థకం ఆకారంలో

లెప్టోస్పైరా చూడటానికి మెలితిప్పిన సన్నని దారంలా ఉంటుంది. మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే, పొడవు 6 నుంచి 20 మైక్రాన్లు. రెండు చివర్లూ కొక్కెంలా వంగి ఉంటాయి. 1907లో స్టిమ్సన్ అనే అమెరికన్ వైద్యుడు, పచ్చజ్వరంతో చనిపోయాడనుకున్న ఒక రోగి మూత్రపిండం ముక్కలో దీన్ని చూసి, ప్రశ్నార్థకం గుర్తులా ఉందని 'ఇంటరోగాన్స్' అని పేరు పెట్టాడు. జబ్బు కలిగించే ముఖ్యమైన జాతికి నేటికీ అదే పేరు. లెప్టోస్పైరా ఇంటరోగాన్స్. మామూలు సూక్ష్మదర్శినిలో ఇది సరిగ్గా కనబడదు. వెనక చీకటి ఉండేలా అమర్చిన ప్రత్యేక సూక్ష్మదర్శినిలో చూస్తే మాత్రం మెరుస్తున్న వెండి తీగల్లా గిరగిరా తిరుగుతూ కనిపిస్తాయి.

ఇది ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రపిండాల్లో కాపురం పెడుతుంది. వాటి మూత్రంతో బయటికొచ్చి తడి మట్టిలో, నిలవ నీటిలో వారాల తరబడి బతుకుతుంది. ఆ నీటిలో కాళ్ళు నానిన మనిషి చర్మం మీద చిన్న గాటు ఉన్నా చాలు, లోపలికి దూరిపోతుంది. అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆంధ్రప్రదేశ్ సగటుకు సుమారు మూడు రెట్లు. నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పైగా ఎలుకలూ పశువులూ మనుషులూ ఆ తడినే పంచుకుంటారు. లెప్టోస్పైరాకు ఇంతకంటే ఏం కావాలి?

పోర్ట్ బ్లెయిర్ పరిశోధకులు ద్వీపవాసుల రక్తంలో ఈ బాక్టీరియా మీద యాంటీబాడీల కోసం వెతికారు. 1999లో ప్రచురించిన లెక్కల్లో ఆదిమ తెగల వారిలో మొత్తం మీద 19 శాతం మందికి అవి ఉన్నాయి. గ్రేట్ నికోబార్ అడవుల్లో ఉండే షాంపెన్లలో అయితే సగం మందికి పైగా. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో వ్యవసాయ కూలీల్లో 62.5 శాతం మందిలో కనిపించాయి. యాంటీబాడీలు ఉన్నాయంటే జబ్బు పడ్డారని కాదు, ఎప్పుడో ఒకప్పుడు బాక్టీరియా ఒంట్లోకి వచ్చి వెళ్ళిందని అర్థం. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు కూడా పోర్ట్ బ్లెయిర్ బృందంతో కలిసి అండమాన్ రకాల జన్యు ముద్రలను పోల్చి చూశారు. వానాకాలం జ్వరాలన్నీ చూడటానికి ఒకేలా ఉండే చోట, ఏ రకం ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి అలాంటి పని తప్పనిసరి.

పప్పన్నంలో ఉన్నది, బాక్టీరియా వండుకునేది

ఇక లైసిన్ సంగతి. ప్రోటీన్ల తయారీకి కావలసిన ఇరవై అమైనో ఆమ్లాల్లో ఇదొకటి. మనిషి శరీరం దీన్ని తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే తెచ్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 1.8 గ్రాములు. బియ్యంలో, గోధుమలో, జొన్నలో లైసిన్ తక్కువ. కందిపప్పులో, పెసరలో ఎక్కువ. అన్నంలో పప్పు కలుపుకునే అలవాటు వెనక ఎవరూ రసాయనశాస్త్రం చదవలేదు గాని, లెక్క మాత్రం సరిగ్గా కుదిరింది.

బాక్టీరియాకు ఈ తిప్పలు లేవు. అస్పార్టిక్ ఆమ్లం అనే తేలికపాటి అమైనో ఆమ్లాన్ని తీసుకుని, మెట్టు మెట్టుగా మార్చుకుంటూ లైసిన్ తయారు చేసుకుంటుంది. మొక్కలదీ అదే దారి. ఈ దారిలో చివరి మెట్టుకు ముందు వచ్చే పదార్థం పేరు కాస్త పొడవు. డైఅమైనోపిమెలిక్ ఆమ్లం. శాస్త్రవేత్తలు దాన్ని ముద్దుగా 'డాప్' అంటారు. డాప్ నుంచి ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును ఊడబెరికితే లైసిన్ వస్తుంది.

మనకు ముఖ్యమైనది లైసిన్ కంటే ఈ డాపే.

1949 ప్రాంతంలో ఎలిజబెత్ వర్క్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కంఠసర్పి కలిగించే బాక్టీరియాను ఆమ్లంలో ఉడికించి, విడివడిన అమైనో ఆమ్లాలను కాగితం మీద వేరుచేస్తుండగా ఒక కొత్త చుక్క కనబడింది. అంతవరకు తెలిసిన ఏ అమైనో ఆమ్లానికీ అది సరిపోలేదు. రెండేళ్ళలో అది డాప్ అని తేలింది. అది ప్రోటీన్లలో ఉండదు. ఉండేది బాక్టీరియా కణకవచంలో.

బాక్టీరియా కణం చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే ఒక వల ఉంటుంది. చక్కెర అణువుల పొడవైన తాళ్ళు, వాటిని అడ్డంగా కలిపే చిన్న పెప్టైడ్ ముక్కలు. పడవ వలలో ముడులు ఎలాగో ఇందులో ఆ అడ్డ ముక్కలు అలాగ. చాలా బాక్టీరియాల్లో ఆ ముడి వేసేది డాప్. దానికి రెండు చివర్లా అమైనో సమూహాలుంటాయి. ఒక చేత్తో తన గొలుసును పట్టుకుని, రెండో చేత్తో పక్క గొలుసును అందుకుంటుంది. కణం లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. ఈ వల లేకపోతే గాలి ఎక్కువైన బెలూన్‌లా పగిలిపోతుంది.

1950లలో ఇ.కోలై బాక్టీరియాతో చేసిన ప్రయోగాలు దీన్ని చక్కగా చూపించాయి. డాప్ తయారు చేసుకోలేని ఇ.కోలైలకు లైసిన్ మాత్రం ఇచ్చి, డాప్ ఇవ్వకపోతే అవి ఊరికే ఆకలితో ఆగిపోవు. పెరగబోతాయి, గోడ మాత్రం కట్టుకోలేవు, పగిలి చస్తాయి. లైసిన్ కొరతను బయటి తిండితో తీర్చుకోవచ్చు, డాప్ కొరతను తీర్చుకోవడానికి మనిషి రక్తంలో అది దొరకదు. మందుల తయారీదారులకు ఈ దారి మీద మక్కువ కలగడానికి మూలం ఇక్కడుంది.

లెప్టోస్పైరాకు ఈ గోడ మరీ అవసరం. దాని బంధువుల్లో సిఫిలిస్ కలిగించే ట్రెపోనీమా, లైమ్ జబ్బు కలిగించే బొరీలియా కూడా మెలికల దారాలే. కానీ వాటి గోడలో డాప్‌కు బదులు ఆర్నిథిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. లెప్టోస్పైరా గోడలో ఉండేది డాప్. స్క్రూలా మెలిక తిరిగిన ఆకారానికి ఆధారం ఆ గోడే. ఆ మెలికతోనే అది బురదలో, చర్మంలో, కణజాలంలో తొలుచుకుంటూ పోతుంది.

దారి చీలిన చోట

అస్పార్టిక్ ఆమ్లం నుంచి మొదలైన తయారీ నాలుగు మెట్లు దాటాక ఒక చిన్న వలయాకారపు అణువు దగ్గర ఆగుతుంది. పేరు టెట్రాహైడ్రోడైపికోలినేట్. అక్కడిదాకా అన్ని బాక్టీరియాలదీ ఒకే బాట. అక్కడ మాత్రం దారి నాలుగుగా చీలుతుంది.

ఇ.కోలై, క్షయ బాక్టీరియా వంటివి చుట్టు దారి పడతాయి. వలయం మళ్ళీ మూసుకుపోకుండా ముందు దానికి సక్సినిల్ అనే ఒక అడ్డుపుల్ల తగిలిస్తాయి. తర్వాత అమైనో సమూహం చేరుస్తాయి. ఆ పైన పుల్ల తీసేస్తాయి. మూడు మెట్లు, మూడు ఎంజైములు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ గిల్వార్గ్ 1950ల చివర్లో ఈ దారిని వివరించాడు. కొన్ని బాసిల్లస్ జాతులు పుల్లగా అసిటైల్ సమూహాన్ని వాడతాయి. అంతకు మించి తేడా లేదు. మూడో దారి కొరీనీబాక్టీరియం గ్లుటామికం వంటి వాటిది. నేరుగా అమ్మోనియాను చేర్చుకుని ఒకే మెట్టులో పని ముగిస్తుంది. ఈ బాక్టీరియానే పెద్ద ట్యాంకుల్లో పెంచి ప్రపంచమంతా ఏటా ఇరవై లక్షల టన్నులకు పైగా లైసిన్ తీస్తారు. కోళ్ళ దాణాలో కలిపేది అదే. మొక్కజొన్న మేతలో లైసిన్ తక్కువ కనుక అది కలపకపోతే కోడి సరిగ్గా ఎదగదు.

నాలుగో దారి 2006 దాకా ఎవరికీ తెలియదు.

మొక్కలు లైసిన్ ఎలా చేస్తాయన్న ప్రశ్న చాలాకాలం సగంలో ఆగిపోయి ఉంది. మొక్కల జన్యువుల్లో మొదటి మెట్లవీ, చివరి మెట్లవీ దొరికాయి, మధ్య మూడు మెట్ల జన్యువులు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలోని థామస్ ల్యూస్టెక్ ప్రయోగశాలలో ఆండ్రే హడ్సన్ దీని మీద పనిచేశాడు. ఆ బృందంలో గిల్వార్గ్ కూడా ఉన్నాడు. తాను యాభై ఏళ్ళ క్రితం ఇ.కోలైలో చూసిన దారి మొక్కల్లో లేదని నిరూపించే పనిలో ఆయనే చేయి కలపడం శాస్త్ర చరిత్రలో అరుదుగా జరిగే ముచ్చట. వాళ్ళకు అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కలో ఒకే ఒక ఎంజైము దొరికింది. అది పుల్లలేవీ తగిలించకుండా, మూడు మెట్ల పనినీ ఒక్క గెంతులో చేసేస్తుంది. దానికి 'డాప్-ఎల్' అని పేరు పెట్టారు. పూర్తి పేరు ఎల్‌ఎల్-డైఅమైనోపిమెలేట్ అమైనోట్రాన్స్‌ఫరేజ్. తమాషా ఏమిటంటే ఆ జన్యువు శాస్త్రవేత్తలకు అప్పటికే మరో పేరుతో తెలుసు. అది దెబ్బతిన్న మొక్కలు గిడసబారి, రోగాలకు వింతగా స్పందించేవి. కానీ అది లైసిన్ తయారీలో ఉందని ఎవరూ ఊహించలేదు.

డాప్-ఎల్ పని అమైనో సమూహాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం. ఇచ్చేది గ్లుటమేట్, పుచ్చుకునేది ఆ వలయాకారపు అణువు. మధ్యలో చేయి అందించేది విటమిన్ బి6 నుంచి వచ్చిన ఒక సహాయక అణువు. అది ఎంజైము లోపలి గుంటలో కుదురుకుని ఉంటుంది. ముందు గ్లుటమేట్ వచ్చి తన అమైనో సమూహాన్ని ఆ విటమిన్ చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. తర్వాత రెండో అణువు వచ్చి దాన్ని తీసుకుంటుంది. రెండు ఒకేలాంటి ప్రోటీన్ ముక్కలు జతకూడితేనే ఆ గుంట పూర్తవుతుంది. 2007లో ఎక్స్-కిరణాల సాయంతో అరబిడోప్సిస్ డాప్-ఎల్ ఆకృతి తేలింది. ఇ.కోలై దారిలో అస్పార్టిక్ ఆమ్లం నుంచి లైసిన్‌కు తొమ్మిది మెట్లయితే, ఈ దారిలో ఏడే.

మొక్కలో దొరికిన ఈ జన్యువు లాంటిది ఇంకెక్కడైనా ఉందా అని కంప్యూటర్లలో జన్యుపటాలన్నీ గాలించారు. కంటిజబ్బు ట్రకోమా కలిగించే క్లమీడియాలో దొరికింది. 2006లోనే ఆ సంగతి బయటికొచ్చింది. ఆ తర్వాతి జాబితాలో లెప్టోస్పైరా ఉంది. దాని జన్యుపటం అప్పటికి సిద్ధంగా ఉండటం కలిసొచ్చింది. చైనా శాస్త్రవేత్తలు 2003లో లెప్టోస్పైరా ఇంటరోగాన్స్ డీఎన్‌ఏ మొత్తాన్ని చదివి, ఒక పెద్ద క్రోమోజోము, ఒక చిన్న క్రోమోజోము ఉన్నాయని చూపించారు.

జన్యువు అక్షరాల్లో పోలిక కనిపించినంత మాత్రాన పని కూడా అదేనని చెప్పలేం. దాన్ని తేల్చిన ప్రయోగం సులువైనదే గాని ముచ్చటైనది. డాప్ చేసుకోలేని ఇ.కోలైని తీసుకున్నారు, అంటే ఆ చుట్టు దారిలోని జన్యువులు చెడిపోయినదాన్ని. డాప్ కలపని మేతలో అది పెరగదు. దానికి లెప్టోస్పైరా జన్యువును అరువిచ్చారు. పెరిగింది. 2008లో ప్రచురించిన ఈ పనితో లెప్టోస్పైరా డాప్-ఎల్ నిజంగానే గోడకు ఇటుక అందించే ఎంజైమని రుజువైంది. మిగతా బాక్టీరియాల్లో వెతికితే, జన్యుపటం తెలిసినవాటిలో సుమారు 13 శాతంలో మాత్రమే ఇది కనబడింది.

తాళానికి చెవి

ఆ 13 శాతం అనే అంకెలోనే మందు ఆశ ఉంది. పెన్సిలిన్ కూడా బాక్టీరియా గోడ మీదే దెబ్బ కొడుతుంది, కానీ వేరే చోట. పెన్సిలిన్ చేసేది గోడ కట్టే మేస్త్రీ చేయి పట్టుకుని ఆపడం. డాప్-ఎల్‌ను అడ్డుకునే మందు చేసేది ఇటుకల బట్టీని మూసేయడం. మేస్త్రీలు దాదాపు అన్ని బాక్టీరియాల్లో ఒకేలా ఉంటారు. అందుకే పెన్సిలిన్ బృందం మందులు జబ్బు చేసినవాటితో పాటు పేగుల్లో ఉండి మేలు చేసేవాటినీ తుడిచేస్తాయి. వాడిన కొద్దీ వాటిలో ఏదో ఒకటి మందుకు లొంగని విద్య నేర్చి, దాన్ని పక్కవాటికి పంచుతుంది. బట్టీ మాత్రం కొద్దిమందిదే. ఇ.కోలైకి ఈ ఎంజైము లేదు, దాన్ని తాకకుండా లెప్టోస్పైరాను మాత్రమే కొట్టే మందు సిద్ధాంతపరంగా సాధ్యమే.

కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో జాన్ వెడెరాస్ బృందం 2010లో అరబిడోప్సిస్ డాప్-ఎల్ మీద దాదాపు ముప్ఫై వేల రసాయనాలను పరీక్షించి, ఎంజైమును అడ్డుకునే కొన్నిటిని ఏరింది. 2014లో అలాంటి అయిదు పదార్థాలను నాలుగు జీవుల డాప్-ఎల్‌ల మీద పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి లెప్టోస్పైరా, ఒకటి అరబిడోప్సిస్ మొక్క, ఒకటి నీటి నాచు, మరొకటి మట్టిలో నీటిలో ఉండే ఒక బాక్టీరియా. అయిదూ పనిచేశాయి. కానీ ఒక్కో ఎంజైము ఒక్కో తీరున లొంగింది. లెప్టోస్పైరా ఎంజైము స్పందన తోటి బాక్టీరియా కంటే మొక్క ఎంజైముకే దగ్గరగా ఉంది. లోపలి గుంట నాలుగింటిలోనూ ఒకేలా ఉన్నా దాని చుట్టూ ఉన్న రెండో వరస అమైనో ఆమ్లాలు వేరు, ఆ తేడాకు మూలం బహుశా అక్కడే ఉందని పరిశోధకుల అంచనా.

ఇక్కడ కాస్త నిదానించాలి. పత్రికల్లో 'కొత్త మందు దొరికింది' అని రాయడానికి ఇలాంటి ఫలితాలే ముడిసరుకు అవుతాయి. ఆ అయిదు పదార్థాలు ఎంజైము పనిని సగానికి తగ్గించడానికి కావలసిన గాఢత 4.7 నుంచి 250 మైక్రోమోలార్ల దాకా ఉంది. మంచి మందుకు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ గాఢత సరిపోవాలి. పైగా గాజు గొట్టంలో ఎంజైమును ఆపడం వేరు, రోగి ఒంట్లో బాక్టీరియాను చంపడం వేరు. మందు ముందు లెప్టోస్పైరా రెండు పొరలనూ దాటాలి. మన కాలేయాన్ని, మూత్రపిండాలను పాడుచేయకూడదు. మన ఒంట్లోనూ విటమిన్ బి6 వాడే అమైనోట్రాన్స్‌ఫరేజ్‌లు బోలెడున్నాయి. కాలేయ పరీక్షలో డాక్టర్లు చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అలాంటివే. డాప్-ఎల్‌ను ఆపే మందు వాటి జోలికి పోకుండా ఉండాలి. మొక్కల్లో కూడా డాప్-ఎల్ ఉంది కనుక, ఇదే రసాయనం కలుపుమందుగా కూడా పనికిరావచ్చు. అది ఒక వైపు లాభం. ఇంకో వైపు చూస్తే, వాడి పారేసిన మందు పొలం నీటిలోకి చేరితే వరి మీద ఏ ప్రభావం ఉంటుందో చూడాల్సిందే.

ప్రయోగాలు నత్తనడక నడవడానికి లెప్టోస్పైరా స్వభావం కూడా కారణం. ఇ.కోలై ఇరవై నిమిషాలకు రెండవుతుంది. లెప్టోస్పైరాకు ఆరు గంటల నుంచి ఇరవై గంటలు పడుతుంది. చక్కెర ముట్టదు, కొవ్వు ఆమ్లాలే తింటుంది. రోగి రక్తంలోంచి దీన్ని పెంచి చూపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. అందుకే 1990లలో దిగ్లీపూర్ రోగుల విషయంలో రక్తంలోని యాంటీబాడీలే ప్రధాన సాక్ష్యం.

ఉన్న మందులు, పోతున్న రోజులు

లెప్టోస్పైరా ఇప్పటికీ పాత మందులకే లొంగుతుంది. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సెఫ్ట్రియాక్సోన్ దీనిమీద పనిచేస్తాయి. మరి డాప్-ఎల్ మీద ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. సమాధానంలో కొంత భాగం అండమాన్‌లోనే దొరుకుతుంది. ఉత్తర అండమాన్‌లో 782 మందితో సెహగల్ బృందం ఒక పరీక్ష చేసింది. సగం మందికి వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇచ్చారు, మిగిలిన సగానికి మందు లేని మాత్రలిచ్చారు. 2000లో వెలువడిన ఫలితం ఆలోచింపజేసేది. మందు తీసుకున్నవారిలో 3.11 శాతం మంది జబ్బు పడితే, తీసుకోనివారిలో 6.82 శాతం పడ్డారు. అంటే జబ్బు సగానికి తగ్గింది. కానీ రక్తపరీక్షలో తేలిన సోకుడు రేటు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. మందు బాక్టీరియాను రాకుండా ఆపలేదు, వచ్చాక ముదరకుండా చూసింది.

వరదలు వచ్చినప్పుడు, కోతల కాలంలో, ప్రమాదం ఎక్కువున్న కొద్దిమందికి కొన్ని వారాలపాటు ఇలా ఇవ్వడం అర్థవంతమే. తడిపొలంలో దిగే ప్రతి మనిషికీ ఏటా నెలల తరబడి డాక్సీసైక్లిన్ పంచడం మాత్రం వేరే సమస్యలు తెస్తుంది. లెప్టోస్పైరా సంగతి సరే, అదే మనిషి పేగుల్లో, చర్మం మీద, గొంతులో ఉన్న కోట్ల బాక్టీరియాలు ఆ మందుకు అలవాటు పడతాయి. తక్కువ బాక్టీరియాలను మాత్రమే తాకే మందు అవసరం ఇలాంటిచోట నిజంగా కనబడుతుంది. ఒక్కరికి వైద్యం చేయడానికి కాదు, ఊరంతటికీ ముందుజాగ్రత్తగా ఇవ్వడానికి.

ఇంకో భాగం సమాధానం చేదుగా ఉంటుంది. లెప్టోస్పైరోసిస్‌తో చనిపోయేవాళ్ళలో చాలామంది మందు లేక కాదు, జబ్బు పేరు తెలిసేలోపే చనిపోతారు. 2015లో వెలువడిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 10.3 లక్షల మందికి ఇది తీవ్రంగా వస్తుంది, 58,900 మంది చనిపోతారు. మొదటి నాలుగైదు రోజుల్లో ఇది మలేరియాలా, డెంగీలా, మామూలు ఫ్లూలా ఉంటుంది. యాంటీబాడీలు పుట్టడానికి దాదాపు వారం పడుతుంది కనుక ఆ రోజుల్లో రక్తపరీక్షలో దొరకకపోవచ్చు. నమ్మకమైన పరీక్షగా పేరున్న సూక్ష్మ గుచ్ఛీకరణ పరీక్ష చేయాలంటే ప్రయోగశాలలో వేర్వేరు రకాల లెప్టోస్పైరాలను ప్రాణంతో పెంచుతూ ఉండాలి. రోగి రక్తరసం కలిపినప్పుడు అవి గుంపులు కడతాయా లేదా అని సూక్ష్మదర్శినిలో కంటితో చూడాలి. దేశంలో అలా చేయగలిగిన చోట్లు కొద్దే. పోర్ట్ బ్లెయిర్ కేంద్రం వాటిలో ఒకటి, లెప్టోస్పైరోసిస్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సహకార కేంద్రం కూడా. నగరం పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.

అక్కడి అనుభవంతో వైద్యులు నేర్చుకున్నది ఒకటుంది. కోతల కాలంలో పొలంలో నీళ్ళలో దిగి పనిచేసిన మనిషికి జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. దగ్గులో రక్తపు జీర కనబడితే వెంటనే ఆక్సిజన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి పంపాలి. దిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు రోడ్డు మార్గాన వెళ్ళాలంటే అడవుల మీదుగా, మధ్యలో కాలువలు దాటుకుంటూ రోజంతా పట్టే ప్రయాణం. రోగి ఏ రోజున బయల్దేరాడన్నది ఎంజైము కంటే ముందు తేలాల్సిన విషయం.